మన నంబరు మనమే రాసిచ్చాం

కిందటేడు మన కళాశాల ఉత్సవాలప్పుడు గేటు పక్కన బల్ల వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ళందరిచేతా రిజిస్టరులో పేరు, తరగతి, ఫోను నంబరు రాయించుకున్న కుర్రాడొకడు మీలో కొందరికైనా గుర్తుండే ఉంటాడు. ఆ కుర్రాణ్ణి నేనే. సెల్‌ఫోన్లలో అక్కర్లేని మెసేజిలు వరదలా వచ్చిపడుతున్నాయనీ, వాటిని తగ్గించుకునే దారి చూడాలనీ ఈ వ్యాసంలో చెప్పదలిచాను. అయితే ఆ మాట చెప్పే హక్కు నాకు రావాలంటే, ముందు నేను చేసిన పని ఒప్పుకోవాలి.

మూడు రోజుల ఉత్సవాల్లో ఆ రిజిస్టరు దాదాపు నిండిపోయింది. వేదిక వెనక కట్టిన పెద్ద ఫ్లెక్సీ ఖర్చు ఒక పోటీ పరీక్షల శిక్షణ కేంద్రం వారు భరించారు. ఆఖరి రోజు సాయంత్రం వారి మేనేజరు నా భుజం మీద చెయ్యి వేసి, "తమ్ముడూ, ఆ రిజిస్టరు పేజీలు ఒకసారి ఫోటో తీసి పంపు. పిల్లలకు పనికొచ్చే సమాచారం పంపిస్తాం" అన్నాడు. అడిగినవాడు మర్యాదగా అడిగాడు. పైగా డబ్బిచ్చినవాడు. నేను రెండో ఆలోచన లేకుండా పేజీ పేజీకి ఫోటో తీసి పంపేశాను. పది నిమిషాల పని. క్యాంటీనులో నాకు టీ కూడా ఇప్పించాడు.

ఆ వారంలోనే మెసేజిలు మొదలయ్యాయి. గ్రూప్స్ కొత్త బ్యాచి, బ్యాంకు పరీక్షల కొత్త బ్యాచి, రేపే ఆఖరు, ఇవాళే ఆఖరు, ఫీజులో సగం తగ్గింపు, మీ సీటు మీకోసం ఎదురుచూస్తోంది. కొన్నాళ్ళకు వీటికి తోడు అప్పులిస్తామనేవారు, ప్లాట్లు అమ్మేవారు, ఇంట్లో కూర్చుని రోజుకింత సంపాదించమనేవారు బయల్దేరారు. ఇవన్నీ ఆ రిజిస్టరు పుణ్యమేనని నేను రుజువు చెయ్యలేను. కాని ఒక చేతిలో పడ్డ జాబితా ఆ ఒక్క చేతిలోనే ఉంటుందని నమ్మేటంత అమాయకత్వం ఇప్పుడు నాకు లేదు.

ఇంతవరకైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. మా హాస్టల్లో నా గదిలోనే ఉండే డిగ్రీ రెండో సంవత్సరం కుర్రాడి సంగతి తెలియకపోతే నేనూ నవ్వుకునేవాణ్ణే. పాలమూరు జిల్లా పల్లెనుంచి వచ్చాడు. తండ్రి హైదరాబాదులో తాపీ పని చేస్తాడు. స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఆదాయ ధ్రువపత్రం సరిగా కనబడటం లేదనీ, ఏడు రోజుల్లోగా మళ్ళీ దాఖలు చెయ్యాలనీ అతనికి మెసేజి వచ్చింది. అతను చూసుకోలేదు. గడువు దాటాక ఆఫీసు కౌంటరు దగ్గర తెలిసింది. "అన్నా, నాకు మెసేజే రాలేదన్నా" అంటూ ఫోను తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇద్దరం కూర్చుని వెనక్కి జరుపుకుంటూ పోయాం. ఆ వారంలో వచ్చినవి 63 మెసేజిలు. అందులో అతనికి నిజంగా సంబంధించినవి నాలుగు. ఆ నాలుగింటిలో ఒకటి, శిక్షణ కేంద్రం వారి మెసేజికీ, అప్పులిచ్చేవారి మెసేజికీ మధ్య ఇరుక్కుని, తెరవకుండా పడి ఉంది. ఆ ఏడాది ఫీజు కోసం అతని తండ్రి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. గేటు దగ్గర రిజిస్టరులో ఆ కుర్రాడి నంబరు కూడా ఉంది. నేనే కలం ఇచ్చి రాయించాను.

అందుచేత నేను చెప్పొచ్చేదేమిటంటే, చెత్త మెసేజి కేవలం విసుగు పుట్టించే వ్యవహారం కాదు. అది మంచి మెసేజిని కప్పేస్తుంది. రోజూ తోడేలు వచ్చిందని అరిచే పిల్లవాడి కథ మనందరికీ తెలిసిందే. ఇక్కడ అరిచేది ఎవరో, నిజంగా తోడేలు వచ్చిన రోజున నష్టపోయేది మరెవరో. బ్యాంకులో డబ్బు తగ్గిందన్న కబురు, పరీక్ష తేదీ మారిందన్న కబురు, ఆసుపత్రి నుంచి రిపోర్టు వచ్చిందన్న కబురు, అన్నీ వచ్చేది ఆ ఒక్క గూట్లోకే. ఆ గూడు చెత్తతో నిండితే మనిషి గూడు చూడటమే మానేస్తాడు. నేను చాలాకాలం అలాగే చేశాను. మీలో ఎందరో ఇప్పటికీ అదే చేస్తున్నారు.

ప్రపంచంలో మొట్టమొదటి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ అనే ఇంజనీరు పంపాడు. అందులో ఉన్నది క్రిస్మస్ శుభాకాంక్షలు. ఒక మనిషి తనకు తెలిసిన మరో మనిషికి పంపిన మంచి మాట. అలా పుట్టిన సాధనం మూడు దశాబ్దాల్లో ఈ స్థితికి ఎందుకొచ్చింది? కారణం పెద్ద రహస్యమేమీ కాదు. టోకున పంపేవాడికి ఒక్కో మెసేజికి అయ్యేది పైసల్లో లెక్క. వెయ్యిమందిలో ఒక్కడు ఫీజు కట్టినా వాడికి గిట్టుతుంది. మిగిలిన 999 మంది విసుగు, వృథా అయిన సమయం వాడి ఖాతాలో పడవు. ఖర్చు ఒకరిది, లాభం మరొకరిది అయినప్పుడు సరుకు అవసరానికి మించి తయారవుతుందని ఆర్థికశాస్త్రం తరగతిలో చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. నా జేబులోని ఫోనుకు ఆ పాఠం వర్తిస్తుందని మాత్రం తట్టలేదు.

ప్రభుత్వం ఊరికే కూర్చుందా అంటే, లేదు. 2007లోనే టెలికాం నియంత్రణ సంస్థ, అంటే ట్రాయ్, అక్కర్లేని వ్యాపార పిలుపులు వద్దనేవారి జాబితా ఒకటి పెట్టింది. 2010లో కొత్త నిబంధనలు వచ్చాయి. 2018లో వాటిని మళ్ళీ మార్చారు. ఆ నిబంధనల ప్రకారం టోకున మెసేజిలు పంపదలచిన సంస్థ ముందు తన పేరూ, పంపబోయే మెసేజి నమూనా టెలికాం కంపెనీల దగ్గర నమోదు చేసుకోవాలి. నమూనాకు సరిపడని మెసేజి దారిలోనే ఆగిపోవాలి. 2024 అక్టోబరు 1 నుంచి ముందుగా నమోదు కాని లింకులున్న టోకు మెసేజిలను కూడా ఆపమన్నారు.

జల్లెడ ఎంత సన్ననైతే అంత మంచిది కదా అనుకోవద్దు. 2021 మార్చి 8న టెలికాం కంపెనీలు ఆ నమూనాల పరీక్షను ఒక్కసారిగా అమలులో పెట్టేసరికి బ్యాంకుల ఓటీపీలు సైతం ఆగిపోయాయి. దేశమంతటా జనం డబ్బు కట్టలేక అల్లాడారు. మరునాడే ట్రాయ్ ఆ పరీక్షను వారం రోజులు నిలిపివేయవలసి వచ్చింది. అంటే అంతా పైవాళ్ళే చూసుకోవాలని కూర్చుంటే చెత్తతోపాటు అన్నమూ కొట్టుకుపోవచ్చు. పైన ఉన్న జల్లెడ అవసరమే. కింద మన చెయ్యి కూడా పనిచేయాలి.

మన చేతిలో ఉన్నదేమిటి? మొదటిది, 1909 అనే నంబరు. 'స్టార్ట్ 0' అని ఇంగ్లీషులో రాసి ఆ నంబరుకు మెసేజి పంపితే, లేదా ఫోను చేసి చెబితే, వ్యాపార ప్రకటనలు మొత్తంగా వద్దని నమోదవుతుంది. అన్నీ వద్దనక్కర్లేదు. బ్యాంకింగు, స్థలాలు, విద్య, ఆరోగ్యం అంటూ విభాగాలున్నాయి, కావలసినవి ఉంచుకోవచ్చు. "నేను ఎప్పుడో చేశాను, అయినా వస్తున్నాయి" అనేవారు చాలామంది ఉన్నారు. నేనూ అలాగే అన్నాను. తరువాత తెలుసుకున్నాను. వద్దని నమోదు చేసినా, మనం విడిగా ఒక సంస్థకు 'పంపుకోండి' అని సమ్మతి ఇచ్చి ఉంటే ఆ సమ్మతే చెల్లుతుంది. ఆ సమ్మతి ఎక్కడిచ్చాం? బట్టల దుకాణం బిల్లు కౌంటరు దగ్గర, లక్కీ డ్రా చీటీ మీద, కొత్త యాప్ అడిగిన ప్రతిదానికీ సరే అంటూ నొక్కుకుపోయినప్పుడు. మన కంచెకు మనమే గండి కొట్టి, గొడ్లు పడ్డాయని కాపలావాణ్ణి తిడుతున్నాం.

రెండోది, పంపినవాడి పేరు చదవడం. నమోదైన సంస్థల మెసేజి పైన మొదట రెండక్షరాలుంటాయి. మొదటిది టెలికాం కంపెనీని, రెండోది ప్రాంతాన్ని తెలుపుతుంది. తరువాత సంస్థ గుర్తు. 2025 ఫిబ్రవరి సవరణ ప్రకారం చివర మరొక అక్షరం చేరింది. పి అంటే ప్రకటన, ఎస్ అంటే సేవ, టి అంటే లావాదేవీ, జి అంటే ప్రభుత్వం. ఈ నాలుగక్షరాలు తెలిస్తే మా గది కుర్రాడు 63 మెసేజిల్లో తన నాలుగింటినీ అర నిమిషంలో ఏరుకునేవాడు. అదే సవరణ ప్రకారం ప్రకటన మెసేజిల్లో 'ఇక వద్దు' అని చెప్పుకునే దారి కూడా ఇవ్వాలి. అలాంటి నమోదైన సంస్థకైతే వద్దని చెప్పండి. కాని పదంకెల మామూలు నంబరు నుంచి వచ్చినదానికి మాత్రం వద్దనీ చెప్పకండి, తిట్టనూ తిట్టకండి. జవాబిస్తే ఈ నంబరు వెనక మనిషి ఉన్నాడని వాడికి రూఢి అవుతుంది. లింకును తాకనే వద్దు.

మూడోది ఫిర్యాదు. ఇక్కడే విద్యార్థులుగా మన బలం ఉంది. పదంకెల నంబర్లనుంచి వ్యాపార మెసేజిలు పంపేవారిమీద ఏడు రోజుల్లోగా 1909కి గాని, ట్రాయ్ వారి డీఎన్‌డీ యాప్‌లో గాని ఫిర్యాదు చేయవచ్చు. వద్దని ముందుగా నమోదు చేసుకోకపోయినా ఫరవాలేదు. పూర్వం ఒక నంబరుమీద చర్య మొదలవడానికి వారంలో పది ఫిర్యాదులు కావలసి వచ్చేవి. 2025 సవరణతో పది రోజుల్లో అయిదు చాలన్నారు. తప్పు తేలితే మొదటిసారి పదిహేను రోజులు ఆ నంబరునుంచి బయటికి ఏమీ పోదు. మళ్ళీ చేస్తే ఏడాదిపాటు కనెక్షన్లన్నీ పోతాయి. ఒక్కసారి ఆలోచించండి. ఒకే మెసేజి మన తరగతిలో అరవై మందికీ వస్తుంది. అరవై మందీ తుడిచేస్తారు. తుడవడం వాకిట్లో చెత్త రోడ్డుమీదికి ఊడ్చినట్టు, రేపు గాలికి మళ్ళీ మన వాకిట్లోకే వస్తుంది. ఆ అరవైలో అయిదుగురు, కేవలం అయిదుగురు, రెండు నిమిషాలు వెచ్చిస్తే ఆ నంబరుమీద విచారణ మొదలవుతుంది. సమ్మెలు చేసి బస్‌పాసులు సాధించుకున్నవాళ్ళం, ఒక తరగతికి అయిదుగురు దొరకరా?

ఇళ్ళ దగ్గర ఉన్నవారి సంగతి వేరే చెప్పాలి. మొన్న దసరా సెలవులకు ముందు మా నాన్న ఫోను చేశాడు. "కరెంటు బిల్లు మొన్ననే కట్టిన కదరా, ఇయ్యాల రాత్రి తొమ్మిదిన్నరకు కట్ చేస్తరట!" అని కంగారు. ఎవరో ఆఫీసరుకు ఫోను చేయమని కింద పదంకెల నంబరు ఉంది. అలాంటి మెసేజిలతో దేశంలో అనేకచోట్ల జనం డబ్బు పోగొట్టుకున్నారని నేను చదివి ఉన్నాను గనుక ఆపగలిగాను. నాన్న నాకు చెయ్యకుండా ముందు ఆ నంబరుకే చేసి ఉంటే? మోసమని అనుమానం వచ్చిన మెసేజిని సంచార్ సాథీలోని చక్షులో తెలియజేయవచ్చు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. ఈ రెండు ముక్కలు మన ఇళ్ళలో ఎందరికి తెలుసు?

పైగా ఈ మెసేజిల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషులో ఉంటాయి. దీని వెనక ఒక చిన్న సాంకేతిక చిక్కు కూడా ఉంది. ఒక మెసేజిలో ఇంగ్లీషు అయితే 160 అక్షరాలు పడతాయి. తెలుగు అయితే 70 స్థానాలే. అందులోనూ గుణింతం ఒక స్థానం, ఒత్తు రెండు స్థానాలు. 'విద్యార్థి' మన కంటికి మూడక్షరాలు, యంత్రానికి పది. తెలుగులో పంపితే ఒక మెసేజి రెండో మూడో అయి ఖర్చు పెరుగుతుంది. కనుక అసలైన కబురూ ఇంగ్లీషులోనే, మోసమూ ఇంగ్లీషులోనే. ఇంగ్లీషు రానివారికి రెండూ ఒక్కలాగే కనబడతాయి. అలాంటివారికి ఆ చివరి అక్షరం తేడా చెప్పగలిగినవాళ్ళం ఇంట్లో మనమొక్కళ్ళమే.

నామీద రెండు ఆక్షేపణలు వస్తాయని తెలుసు. చిన్న వ్యాపారి తన సరుకు గురించి నలుగురికీ చెప్పుకోవద్దా అనేది మొదటిది. తప్పకుండా చెప్పుకోవాలి. గోడమీద రాయవచ్చు, పేపర్లో వేయవచ్చు, ఈ సావనీరు చివరి పేజీల్లో వేయవచ్చు. చూడదలచినవాడు చూస్తాడు. అడగకుండా నా జేబులో చెయ్యి పెట్టి చీటీ దూర్చడం వేరు. రెండో ఆక్షేపణ మన సంఘం మిత్రులదే. "స్పాన్సర్లు లేకపోతే ఉత్సవాలెట్లా, సావనీరెట్లా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. కాని స్పాన్సరుకు మనం అమ్మగలిగింది వేదిక, ఫ్లెక్సీ, పేజీ. ఇతరుల నంబర్లు మన సొత్తు కావు, అమ్మడానికి. ఉచితంగా ఇచ్చినా అమ్మినట్టే.

దుకాణంలో బిల్లుకు ఫోను నంబరు ఇచ్చితీరాలని ఒత్తిడి చేయవద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వర్తకులకు చెప్పింది. అదే ఏడాది వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో ప్రకటించారు. దశలవారీగా అమలులోకి వస్తాయి. ఏ పనికోసం సమాచారం అడిగారో ఆ పనికే వాడాలనీ, ఇచ్చిన సమ్మతిని ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోగలగాలనీ ఆ చట్టం ఉద్దేశం. దుకాణదారుకు చెప్పిన నీతి విద్యార్థి సంఘానికి వర్తించదా? చట్టం వచ్చి తలుపు తట్టేదాకా ఆగడం మనకు శోభస్కరం కాదు.

అందుచేత వచ్చే సర్వసభ్య సమావేశంలో నేను ఒక తీర్మానం ప్రతిపాదించబోతున్నాను. ఉత్సవాల రిజిస్టరులో పేరు, హాల్‌టికెట్ నంబరు చాలు, ఫోను నంబరు గడి తీసివేయాలి. పోటీల్లో పాల్గొనేవారి నంబరు తప్పనిసరి అయితే, ఆ కాగితం ఒక కార్యదర్శి దగ్గరే ఉండాలి, ఉత్సవాలైన వారంలోగా అందరి ఎదుట చింపివేయాలి. స్పాన్సర్లతో రాసుకునే కాగితంలో నంబర్లు ఇవ్వబోమన్న మాట మొదటి వాక్యంగా ఉండాలి. కొత్త విద్యార్థులు చేరే మొదటి వారంలో గేటు దగ్గర మళ్ళీ బల్ల వేయాలి. ఈసారి నంబర్లు రాయించుకోవడానికి కాదు, ఒక్కొక్కరి ఫోనులో 1909కి మెసేజి పంపించడానికీ, ఆ నాలుగక్షరాల అర్థం చెప్పడానికీ. అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు కూడా అటుగా వస్తే వారి ఫోన్లూ చూసిపెడతాం.

ఈ తీర్మానం వీగిపోవచ్చు. స్పాన్సరు అలిగి ఫ్లెక్సీ డబ్బు ఎగ్గొట్టవచ్చు. అప్పుడు చిన్న వేదిక మీద నాటకం వేసుకుందాం. ఇంత రాసినా మా గది కుర్రాడి తండ్రి కట్టే వడ్డీ ఒక్క రూపాయి తగ్గదు. మొన్న రాత్రి ఈ వ్యాసం అతనికే మొదట చదివి వినిపించాను. రిజిస్టరు ఫోటోలు పంపింది నేనేనని అతనికి అప్పుడే తెలిసింది. కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఆ బల్ల దగ్గర నేను కూర్చుంటనన్నా" అన్నాడు. జూన్‌లో కొత్తవాళ్ళు వచ్చినప్పుడు గేటు దగ్గర మేమిద్దరం ఉంటాం. మరో ముగ్గురు కావాలి.